ఈ స్ట్రింగ్స్ లైబ్రరీ కొనొచ్చా? జారుడు అదిరింది, టైమింగే తలనొప్పి!

నమస్తే అన్నలూ, అక్కలూ. స్క్రీన్ మీద పేరు కనిపిస్తోంది కదా, ఇవాళ ఆ స్ట్రింగ్స్ లైబ్రరీ సంగతే. అంటే వయొలిన్ లాంటి తీగ వాయిద్యాల్ని రికార్డ్ చేసి, కీబోర్డు మీద వాయించుకునేలా ఇచ్చే సాఫ్ట్‌వేర్. ముందే చెప్పేస్తున్నా, లైసెన్స్ కంపెనీ వాళ్లే ఫ్రీగా ఇచ్చారు. డబ్బులు మాత్రం తీసుకోలేదు. ఎన్ని మైకులు, ఎన్ని జీబీలు అన్నది మీరు ఈపాటికి చూసే ఉంటారు. నేను నేరుగా జారుడు దగ్గరికే వెళ్తా, అదే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం.

నల్గొండలో నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఫోక్ సాంగ్సే. డప్పు, కోరస్ అయ్యాక 'వెనక వయొలిన్లు కూడా పెట్టన్నా' అంటారు. చిక్కంతా అక్కడే. బతుకమ్మ పాట పాడే అక్క 'ఉయ్యాలో' అన్నప్పుడు గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. కీబోర్డు వయొలిన్ అక్కడ దూకేస్తుంది. ఇదివరకు పిచ్ బెండ్‌తో, అదే స్వరాన్ని పైకీ కిందికీ వంచే వీల్‌తో సరిపెట్టేవాణ్ని, సాగదీసిన సంగతి ఇట్టే తెలిసిపోయేది. ఇందులో తీగ మీద వేలు జార్చి వాయించిందే రికార్డ్ చేసి పెట్టారు. ఇగో, వినండి. కీ మెల్లగా నొక్కితే జారుతుంది, గట్టిగా నొక్కితే టక్కున మారుతుంది. మాడ్ వీల్, అదే వాయించే బలాన్ని మార్చే చక్రం, 20 దగ్గర మొదలుపెట్టి పల్లవి చివరికి 90 దాకా తీసుకెళ్లండి... అబ్బా, తీగ మీద ఆ బౌ (కమాను) ఒత్తిడి విన్నారా!

ఇక చిరాకు. జారడానికి టైం పడుతుంది కాబట్టి నోట్ బీట్ కంటే వెనక పడుతుంది. ట్రాక్ మొత్తాన్ని ముందుకు జరుపుదామంటే కుదరదు. మెల్లగా నొక్కిన నోట్ ఒకలా లేటవుతుంది, గట్టిగా నొక్కింది ఇంకోలా. ఒక్కో నోట్ పట్టుకుని జరపాల్సిందే. లేదంటే డప్పు దరువు ముందు పోతుంటే వయొలిన్లు బారాత్‌లో వెనకబడ్డ బ్యాండులా వస్తాయి. ఏ నోట్ ఎన్ని మిల్లీసెకన్లు లేటో మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. ఇంత రేటు పెట్టి, ఆ లెక్క కూడా కొన్నవాళ్లే తేల్చుకోవాలా?

ఇంకొకటి, ఇది లైబ్రరీ తప్పు కాదు. 16 మంది వయొలిన్ ప్యాచ్‌లో, అంటే 16 మంది కలిసి వాయించిన సౌండ్‌లో, మూడు నోట్లు ఒకేసారి కార్డ్‌గా నొక్కితే 48 మంది వాయించినట్టే, సౌండ్ మొద్దుగా ఉంటుంది. పై నోట్ వయొలిన్లకు, మధ్యది వయొలిన్ కన్నా కాస్త పెద్దవైన వయోలాలకు, కిందది ఇంకా పెద్దవైన చెల్లోలకు పంచండి.

కొత్తవాళ్లకు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ అనే లైబ్రరీ ఫ్రీగా దొరుకుతుంది, ముందు దాంతో చెయ్యి తిప్పుకోండి. జారుడు మీద మోజున్నవాళ్లు మాత్రం ఇది కొనండి. ఇంత తిట్టినా, వచ్చే బతుకమ్మ పాటకు నేను వాడేది ఇదే. ఏ నోట్ ఎంత జరిపానో స్క్రీన్‌షాట్ డిస్క్రిప్షన్‌లో పెడతా, చూసుకోండి.