చార్టు తేలేదు, తారీకు చెప్పను

వేదిక మీద పెద్దలకి, పాస్టర్ గారికి, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ వందనాలు. పేరుపేరునా చెప్పాలి గానీ నాకిచ్చిన టైమ్‌లో కొంత పరిచయానికే పోయింది, మిగతాది మీతో గడుపుతా.

అంత్యదినాల తీర్పు, ప్రవచనాల వివరణ అని టాపిక్ ఇచ్చారు. ఇస్తూ ఒక బ్రదర్ మెల్లగా అడిగారు, చార్టు తెస్తారా అండీ అని. తేలేదు. బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలోని ఏడు ముద్రలు, ఏడు బూరలు, ఏడు పాత్రలు, మధ్యలో బాణం గుర్తులు, చివర్లో లోకాంతం ఫలానా అని ఒక సంవత్సరం... ఆ చార్టు మీద నాకు పాత కోపం ఉంది.

అమెరికాలో విలియం మిల్లర్ అని ఒక రైతు ఉండేవాడు, బాప్టిస్టు. మోసగాడు కాదు, అది గుర్తుపెట్టుకోండి, బైబిల్ వచనం వచనం కూర్చుని చదివిన మనిషి. దానియేలు 8:14లో 2300 దినాలని ఉంది కదా, దినానికో ఏడాది చొప్పున వేసుకుని, క్రీ.పూ. 457లో అర్తహషస్త రాజు ఆజ్ఞ దగ్గర మొదలెట్టి లెక్క కడితే క్రీస్తు తిరిగొచ్చేది 1843 దగ్గర తేలింది. మొదట 1843 మార్చి నుంచి 1844 మార్చి లోపు అన్నాడు, గడువు దాటింది. శామ్యూల్ స్నో అని ఇంకొకాయన లెక్క సరిచేసి 1844 అక్టోబర్ 22 అని తేదీ కూడా తేల్చేశాడు, మిల్లర్ కూడా చివర్లో సరేనన్నాడు. వేలమంది నమ్మారండీ. కొందరు రైతులు పంట చేలోనే వదిలేశారు, ప్రభువు వస్తుంటే ఇంకెవరి కోసం కోత అని. రాత్రి పన్నెండు దాటింది. హైరమ్ ఎడ్సన్ అనే ఆయన తర్వాత రాసుకున్నాడు, తెల్లారేదాకా ఏడుస్తూనే ఉన్నాం అని. నవ్వడానికి చెప్పట్లేదు ఇది. మర్నాడు ఆ రైతు చేలోకి ఏ ముఖంతో వెళ్ళుంటాడు, పక్క చేనువాడు పలకరిస్తే ఏం చెప్పుంటాడు, ఆలోచించండి.

సరే అది పాత కాలం అంటారా, 2011 మే 21 అని అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే బోధకుడు రేడియోలో చెప్పలేదా? తప్పింది. అక్టోబర్ 21 అన్నాడు, అదీ తప్పింది, 2012లో ఉత్తరం రాసి తేదీ చెప్పడం పాపం అని ఒప్పుకున్నాడు. ఆ తేదీ చాటే పోస్టర్లకి దాచుకున్న సొమ్మంతా పోసిన వాళ్ళకి మరి ఎవరు రాశారు ఉత్తరం?

ఇలాంటివాళ్ళని మత్తయి 24:36 చూపించి అడగండి, ఒక తెలివైన జవాబు రెడీగా ఉంటుంది. "యేసు దినమూ గడియా తెలియదన్నాడు గానీ సంవత్సరం తెలియదనలేదు కదా బ్రదర్!" అపొస్తలుల కార్యాలు 1:7లో కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదని అదే యేసు శిష్యులకి మొహం మీదే చెప్పాడు, ఆ పేజీ మాత్రం తిప్పరు.

మొన్న డిగ్రీ చదివే ఒక పాప నన్నడిగింది, అంకుల్, ప్రభువు రాకడ దగ్గరికొచ్చేసిందంట, ఫీజు కట్టాలా వద్దా అని. ఎవరో వీడియో పంపారట. ఆ పిల్ల మొహం చూశాక ఇవాళ ఎలా ఊరుకోమంటారు చెప్పండి? థెస్సలొనీకలో కూడా పని మానేసి తిరిగే కొందరు ఉంటే పౌలు ఏమన్నాడు, పని చేయనివాడు భోజనం చేయకూడదు అన్నాడు. అమ్మా, ఫీజు కట్టు అన్నాను నేను.

నేను తీర్పు లేదనట్లేదు, దయచేసి బయటికెళ్ళి అలా చెప్పకండి. ఉంది. కాకపోతే ఎవరి మీద అన్నది అసలు గొడవ. మన ప్రసంగాల్లో తీర్పు ఎప్పుడూ పక్కవాడి మీదే, ఇంకో మతం వాడి మీద, ఇంకో దేశం మీద. ఆమోసు ప్రవక్త ఏమన్నాడు? తెకోవ గొర్రెలకాపరి, బేతేలుకి వెళ్ళి భక్తిగా పండగలు చేసుకుంటున్న జనంతో అన్నాడు, యెహోవా దినం, అంటే దేవుడు తీర్పు తీర్చే రోజు, రావాలని కోరుకుంటున్నారా, అది మీకు వెలుగు కాదు చీకటి అని. సింహాన్ని తప్పించుకుంటే ఎలుగుబంటి ఎదురైందట, ఇంట్లోకొచ్చి గోడకి చెయ్యి ఆనిస్తే పాము కరిచిందట. వాళ్ళు చేసిందేంటి? కొలత తగ్గించి, దొంగ తూకాలు పెట్టి, చెప్పుల జత కోసం బీదవాణ్ణి అమ్మారు. అమజ్యా అనే యాజకుడు, నీ ఊరెళ్ళి ప్రవచనాలు చెప్పుకో పో అని కసిరాడు. మనమైనా అంతే, వేదిక మీద మైకు కట్ చేసేవాళ్ళం.

ప్రకటన గ్రంథం కూడా అంతే. ముద్రలు విప్పుతుంటే ఒక్కో గుర్రం వస్తుంది కదా, మూడో గుర్రం రాగానే వినపడేది ధరలు! దేనారానికి ఒక సేరు గోధుమలు. దేనారం అంటే కూలివాడి ఒక రోజు కూలి, అంటే రోజంతా కష్టపడితే తనొక్కడికే తిండి. నూనె, ద్రాక్షారసం మాత్రం పాడుచేయొద్దట, అవి ఎవరి ఇళ్ళల్లో ఉంటాయో మీకు తెలుసు. పద్దెనిమిదో అధ్యాయంలో బబులోను కూలితే వర్తకులు ఏడుస్తారు, వాళ్ళ సరుకుల పట్టిక బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది. ఈ వచనం మీద మీరెప్పుడైనా ప్రసంగం విన్నారా? చేతులెత్తండి. చూశారా.

యోనా గురించి కూడా చెప్పాలి... నలభై రోజుల్లో నీనెవె నాశనం అన్నాడు, కాలేదు, ఊరు మారింది దేవుడు వదిలేశాడు, అలిగిన వాడు ప్రవక్త ఒక్కడే. తేదీ తప్పినందుకు మనం కూడా అలిగే రకమా?

పాస్టర్ గారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, కానీ ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్య 666 గురించీ, ఆ ముద్ర ఇదేనంటున్న మైక్రోచిప్ గురించీ అడిగేవాళ్ళు ముందు ఆమోసు అయిదో అధ్యాయం చదివి వచ్చి చెయ్యెత్తండి.