నల్లబల్ల జోలికి వద్దు, రసీదు సంగతి చూడండి

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది పదకొండేళ్ల కిందటి రసీదు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు జపనీస్ నేర్చుకుందామని ఒక సంస్థలో చేరాను. కేవలం ఇష్టం కొద్దీ. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు, కట్టాను. మూడో నెలలో మా అమ్మ మంచాన పడింది, ఊరికి వెళ్లిపోయాను. మిగిలిన డబ్బు అడిగితే కౌంటరులోని అమ్మాయి ఈ రసీదునే వెనక్కి తిప్పి చూపించింది. ‘చెల్లించిన ఫీజు వాపసు ఇవ్వబడదు.’ ఆవగింజంత అక్షరాలు.

నేను నేర్చుకోబోయిన భాష పుట్టిన దేశంలోనే ఈ బాధ లక్షల మంది పడ్డారు. ఇంగ్లిష్ సంభాషణ నేర్పే ప్రైవేటు బడులను అక్కడ ‘ఎయికైవా’ అంటారు. ఒకప్పుడు వాటిలో అతి పెద్దది నోవా. పాఠాలకు టికెట్ల లాంటి పాయింట్లు అమ్మేది. ఎక్కువ కొంటే ఒక్కొక్కటి చౌకగా పడేది. ఒకాయన 1,200 యెన్ల చొప్పున 600 పాయింట్లు కొని, మధ్యలో మానేశారు. అప్పుడు నోవా, ఆయన వాడుకున్న పాయింట్లకు అంతకంటే ఎక్కువ ధర లెక్కవేసింది. తిరిగి రావలసిన సొమ్ము ఆ లెక్కలోనే కరిగిపోయింది. ఆయన కోర్టుకెక్కారు. 2007 ఏప్రిల్‌లో జపాన్ సుప్రీంకోర్టు ఆ లెక్క చెల్లదని తేల్చింది. జూన్‌లో ప్రభుత్వం, ఏడాది దాటిన కొత్త ఒప్పందాలు ఆరు నెలలపాటు చేసుకోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబరుకల్లా నోవా కుప్పకూలింది.

ఆ ఉత్తర్వు విద్యాశాఖది కాదు, ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖది. పాఠం ఎలా చెప్పాలో ఆ శాఖ అడగలేదు, డబ్బు సంగతే అడిగింది. అక్కడి చట్టం ప్రకారం భాషా తరగతుల ఒప్పందం 2 నెలలు దాటి, 50,000 యెన్లు మించితే, కాగితం చేతికందాక 8 రోజుల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ తరువాతా ఎప్పుడైనా మానేయవచ్చు. తరగతులు మొదలయ్యాక మానేస్తే, వాపసులో కోత 50,000 యెన్లు, లేదా మిగిలిన పాఠాల విలువలో ఐదో వంతు, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు.

అంత మంచి చట్టమూ నోవా విద్యార్థులను కాపాడలేకపోయింది. ముందే తీసుకున్న ఫీజును విడిగా దాచి ఉంచాలన్న నిర్బంధం లేదు మరి. సంస్థ మునిగాక వాపసు హక్కు ఎవరి మీద చూపాలి?

మన దగ్గర 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో ఇవ్వాలన్నది. మంచిదే. కానీ అవి చదువులు, పోటీ పరీక్షలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆఫీసు అయ్యాక ఫ్రెంచి నేర్చుకునే ఉద్యోగి, మనవరాలితో మాట్లాడాలని జర్మన్ మొదలుపెట్టిన తాతగారు వాటిలో ఎక్కడా కనబడరు. వినియోగదారుల కమిషన్ ఉందంటారు. పన్నెండు వేల రూపాయల ఫీజు కోసం ఎన్ని వాయిదాలకు తిరగగలరు?

అలాగని ప్రతి భాషా తరగతికీ లైసెన్సు పెట్టమని నేను అడగడం లేదు. నాకు చెప్పిన టీచరు గారు జపనీస్ లిపి హిరగానాలోని ‘あ’ అక్షరం వంపు సరిగా తిరిగేదాకా పదిసార్లు రాయించేవారు. ఇప్పుడు ఇంట్లో ముందు గదిలో, ఎనిమిది మందికి తానే పాఠాలు చెప్పుకుంటున్నారు. ఆమె గుమ్మంలోకి తనిఖీ అధికారి రాకూడదు. నేను రాష్ట్ర ప్రభుత్వాలను అడిగేది రెండే: మూడు నెలలకు మించి ముందస్తు ఫీజు ఎవరూ తీసుకోకూడదు, మానేస్తే ఎంత కోత పడుతుందో రసీదు ముందువైపే, ఫీజు అంకె ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా అచ్చు వేయాలి.