మిరపాకు ముడత: పుట్టి నిలబడిందా, బోర్లా పడిందా?

(మిద్దె మీద. పొద్దున ఏడు గంటలు. చేతిలో ముడుచుకున్న మిరప కొమ్మ.)

నమస్కారం. పోయిన వారం మా పక్కింటి వదిన ఆరు మిరప మొక్కలు పీకి చెత్తబండిలో వేసింది. "ఏమైంది వదినా?" అని అడిగితే "ఆకులు ముడుచుకున్నాయి, వైరస్ అంట, పీకేసినా" అనింది. బండి కదిలేలోపు ఒక కొమ్మ లాక్కున్నాను. ఇదే అది. వైరస్సూ లేదు, ఏమీ లేదు. నల్లి! మంచం నల్లి కాదు, ఆకుల మీద ఉండేది. నిండా పూత మీదున్న మొక్కలు. అప్పటి నుంచీ నాకు కడుపు మండుతానే ఉంది.

ఆకుముడత అనగానే ఒకరు వైరస్ అంటారు, ఇంకొకరు పుల్ల మజ్జిగ కొట్టమంటారు. మజ్జిగను నేను తప్పు పట్టను. కానీ ఆకు ఎటు ముడిచిందో చూడకుండా ఏం కొట్టి ఏం లాభం?

కర్నూలు వాళ్ళకు పుట్టి గురించి చెప్పక్కర్లేదు. తుంగభద్రలో చేపలు పట్టేవాళ్ళ గుండ్రటి పడవ. నీళ్ళ మీద ఉన్నప్పుడు దాని అంచులు పైకి ఉంటాయి. పని అయిపోయాక గట్టు మీద బోర్లిస్తే అంచులు నేలకు తగులుతాయి. మిరపాకు కూడా అంతే.

(కొమ్మ దగ్గరగా.)

ఈ ఆకు చూడండి. అంచులు కిందికి దిగాయి. బోర్లించిన పుట్టి. ఆకు సన్నబడింది, కాడ మాత్రం సాగి ఎలుక తోకలా ఉంది. ఇది నల్లి పని. కంటికి కనపడదు, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. ఇంకో సంగతి, నల్లి పురుగు జాతి కాదు, సాలీడు జాతి. ఎనిమిది కాళ్ళు. అందుకే పురుగుల మందు కొడితే చాలాసార్లు చావదు. పైగా నల్లిని తినే మంచి జీవులు చచ్చి, అది ఇంకా పెరుగుతుంది. అంగడాయన ఏ డబ్బా ఇస్తే అది తెచ్చి కొట్టేవాళ్ళు ఇక్కడే మునుగుతారు.

ఇప్పుడు ఈ రెండో కుండీ. అంచులు పైకి లేచాయి. నీళ్ళ మీద పుట్టి. ఆకు తిప్పి చూస్తే గోటితో గీరినట్టు వెండి రంగు, గోధుమ రంగు గీతలు. ఇవి తామర పురుగులు. తెల్ల కాగితం కింద పెట్టి కొమ్మను రెండు దెబ్బలు తట్టండి. దారం ముక్కల్లాంటివి పడి పాకుతాయి. పూలు కూడా దులపండి. 2021లో మన మిరప చేలను ఏడిపించిన నల్ల తామర పురుగు పూలల్లోనే కాపురం పెడుతుంది.

ఒక చిన్న మెలిక. మిట్టమధ్యాహ్నం మన ఎండకు ఏ జబ్బూ లేని ఆకు కూడా పుట్టిలా పైకి మడుచుకుంటుంది. సాయంత్రానికి విప్పుకుంటుంది. కాబట్టి మధ్యాహ్నం చూసి టెన్షన్ పడొద్దు. పొద్దున ఏడుకు కూడా ముడిచే ఉంటేనే అనుమానించండి.

మరి వైరస్? అది తొక్కేసిన పుట్టి! ఆకులు కుచ్చులా దగ్గర దగ్గరగా, చిన్న చిన్నగా, పసుపు తిరిగి, ఈనెలు లావుగా ఉబ్బి, మొక్క గిడసబారి ఉంటుంది. అంచులు పైకే ఉంటాయి కానీ గీరిన గీతలు ఉండవు. దీన్ని తెల్లదోమ మోస్తుంది. దీనికి మందు లేదు. ఆ మొక్కను మాత్రం పీకాల్సిందే, నేను కాదనను.

ఇంక వైద్యం. దొంగ ఎప్పుడూ పుట్టి అడుగునే ఉంటాడు. నల్లి, తామర పురుగు, తెల్లదోమ, అన్నీ ఎక్కువగా ఆకు కిందే. పైన మాత్రం తడిపి దిగిపోతే గొడుగు మీద వాన కొట్టినట్టే. ముందు పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టండి. సగం బాధ అక్కడే పోతుంది. తామర పురుగుకైతే డబ్బా మీద 1500 పీపీఎం (మందు బలం) అని రాసున్న వేప నూనె, లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి, పొద్దు వాలాక, వారానికొకసారి. నీలం ప్లాస్టిక్ మూతకు ఆముదం పూసి మొక్క ఎత్తులో కట్టండి, వచ్చి అంటుకుంటాయి. తెల్లదోమకైతే పసుపు రంగు.

నల్లికి నీళ్ళలో కలిసే గంధకం పొడి, లీటరుకు 3 గ్రాములు. ఇక్కడ నా తెలివి కూడా వినండి. ఏప్రిల్లో, పొద్దున పదకొండుకు, వేప నూనె కొట్టిన మూడో రోజే గంధకం కొట్టాను. సాయంత్రానికి ఆకులు అప్పడాలు. నూనెకూ గంధకానికీ కనీసం రెండు వారాల ఎడం ఉండాలి, ఎండ 32 డిగ్రీలు దాటితే గంధకం ముట్టుకోవద్దు. అంటే కర్నూలులో ఎండాకాలం మొత్తం వద్దనే. అప్పుడు నీళ్ళ దెబ్బే దిక్కు.

ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి: నల్లికో, పురుగుకో ముడిచిన ఆకు మళ్ళీ విప్పుకోదు. "వారం నుంచి కొడుతున్నా అట్లే ఉంది" అని నాలుగోసారి, ఐదోసారి కొట్టేది ఇందుకే. పాత ఆకును వదిలేసి కొత్త చిగురు చూడండి. చిగురు చాపలా సాఫీగా వస్తే గెలిచినట్టే, ఆపేయండి.

అబ్బా, కాళ్ళు కాలుతున్నాయి, ఎండ వచ్చేసింది. మిగతావి గబగబా చెప్తాను. ఆకులు జిగురుగా, చీమలు ఎక్కుతుంటే పేనుబంక, అది కూడా నీళ్ళకే పోతుంది. అక్షింతల పురుగు కనపడితే చంపొద్దు, అది పేనుబంకను తింటుంది. అడుగు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపైతే మెగ్నీషియం తక్కువ. ఆకు మొత్తం పాలిపోతే ఎరువు చాలలేదు, లేదా నీళ్ళు ఎక్కువయ్యాయి. వేలు మట్టిలో పెట్టి చూడండి. మే నెలలో పూత రాలితే అది జబ్బు కాదు, మన ఎండే.

మందు కొట్టాక కాయలు కడిగి వాడండి. అనుమానముంటే ఫోటో పెట్టండి, కానీ ఆకు తిరగేసి తీయండి. పైనుంచి తీసిన ఫోటోకు నేను జవాబు చెప్పలేను.