ఒక్క కుర్చీకి ఆరుగురు: సీనియర్ డాక్టర్ల పోస్టుల లెక్క

అందరికీ నమస్కారం.

ప్రభుత్వాసుపత్రుల్లో స్పెషలిస్టుల కొరత అనగానే మనం అడిగేది, మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని. ఆ మంజూరు ఎప్పుడో పడకల సంఖ్య చూసి ఇచ్చి ఉండొచ్చు. పోస్టులన్నీ భర్తీ అయినా రాత్రి దిక్కులేని విభాగం ఉండొచ్చు. అందుకే ముందు డ్యూటీ చార్టు తీయమంటాను.

ఒక విభాగంలో ఒక సీనియర్ డాక్టరు రాత్రీపగలూ ఆసుపత్రిలోనే ఉండాలనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటల చొప్పున, సెలవులు, శిక్షణ, అనారోగ్యం కింద 9 వారాలు పోగా, 43 వారాలు పనిచేస్తే 2,064 గంటలు. అందులో పావు వంతు జూనియర్లకు నేర్పడానికి, మరణాల సమీక్షకు, రికార్డులకు కేటాయించాలి. మిగిలేవి 1,548. 8,760ని దీంతో భాగిస్తే 5.66, అంటే ఆరుగురు. ఓపీ, ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లు ఈ లెక్కలో ఇంకా లేవు.

48 గంటలంటే మరీ తక్కువని కొందరంటారు. ఐరోపా సమాఖ్య 2003 నాటి పనిగంటల ఆదేశంలో వారపు సగటు పరిమితి అదే. రోజుకు వరుసగా 11 గంటల విశ్రాంతి కూడా అందులో ఉంది. ఆసుపత్రిలో ఉండి చేసే ఆన్‌కాల్‌లో (పిలిస్తే వెంటనే వెళ్లేలా సిద్ధంగా ఉండే డ్యూటీలో) కునుకు తీసిన సమయమూ పనే అని ఆ సమాఖ్య న్యాయస్థానం అదే ఏడాది తేల్చింది.

ఇంటి దగ్గరుండి ఆన్‌కాల్ చేసే చోట నలుగురుంటే ఏడాదికి తలా 91 రాత్రులు. ఒకరు మానేస్తే 122. ఇంకొకరు కూడా వెళితే 182. మొదటి ఖాళీని నెలల తరబడి వదిలేస్తే రెండోదాన్ని మనమే తెచ్చుకుంటాం. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

ఇలా ఒక్కరే మిగిలిన విభాగానికి ఒక్క పోస్టుతో నోటిఫికేషన్ ఇస్తే దరఖాస్తులు రావు. వచ్చేవారికి రోజు విడిచి రోజు ఆన్‌కాల్ అని తెలుసు. ఇద్దరినో ముగ్గురినో కలిపి పిలవండి. సర్జన్‌ను తీసుకునే ముందు మత్తు డాక్టరు ఉన్నారో లేదో చూడండి. థియేటర్ దొరకని సర్జన్ ఎక్కువ కాలం నిలవరు. ప్రకటనలో జీతం ఒక్కటే రాస్తే చాలదు. వారానికి ఎన్ని ఓపీలు, ఎన్ని థియేటర్ రోజులు, ఎన్ని రాత్రులకు ఒక ఆన్‌కాల్, కింద ఎంతమంది జూనియర్లు, ఇవన్నీ ఉండాలి.

పదవీ విరమణ తేదీ సర్వీసు రిజిస్టరులో ముందే ఉంటుంది. అయినా కుర్చీ ఖాళీ అయ్యాకే ఫైలు కదులుతుంది. అనుమతి, ప్రకటన, ఇంటర్వ్యూ, సర్టిఫికెట్ల తనిఖీ, ఎంపికైనవారు పాత చోట ఇవ్వాల్సిన నోటీసు కలుపుకుంటే ఏడాది ముందు మొదలుపెట్టినా తొందరేమీ కాదు. పాతవారు వెళ్లేలోపు కొత్తవారు రెండు నెలలు వారి పక్కన పనిచేయగలిగితే ఇంకా మంచిది.

ఇక ఖాళీల నివేదిక. తాత్కాలిక డాక్టరుతో నడుస్తున్న పోస్టును అందులో ‘నిండినది’గా చూపించకండి. ప్రకటన ఇవ్వని ఖాళీని వదిలేయకండి. ఒక్కో పోస్టుకు ఖాళీ అయిన తేదీ, ప్రకటన తేదీ, వచ్చిన దరఖాస్తులు, చేరకుండా తప్పుకున్నవారు చెప్పిన కారణం నాలుగు గడుల్లో రాయించండి.