పాత బండి కొన్నాక మొదటి నెల

(తిరుపతిలో సెకండ్ హ్యాండ్ కార్లు కొన్నవారి కోసం జరిగిన అవగాహన సమావేశంలో ఒక మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత ఎండలో వచ్చారంటే, ఇక్కడున్న వాళ్లలో సగం మందికి బండిలో ఏదో ఒక శబ్దం వస్తూ ఉండాలి. మిగతా సగం మందికి ఏసీ వేసుకుని పాటలు పెట్టుకోవడం వల్ల ఇంకా వినిపించి ఉండదు.

కొనే ముందు ఏం చూసుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాట్లాడేది కొనేశాక సంగతి. డబ్బు ఇచ్చేశారు, బండి ఇంటి ముందుకు వచ్చింది, మొదటి వారంలోనే ముందు చక్రం దగ్గర కటకటమంటోంది. అప్పుడు మనవాళ్లు నేరుగా షెడ్డుకు వచ్చి "అన్నా, షాకప్సర్లు మార్చెయ్" అంటారు. ఎవరు చెప్పారయ్యా అంటే, బావమరిది చెప్పాడంటారు. డాక్టరు దగ్గరికెళ్లి కడుపులో నొప్పి అంటాం గానీ, అపెండిక్స్ తీసెయ్ అనం కదా. షెడ్డులో మాత్రం ఆపరేషన్ పేరు మనమే చెప్పేస్తాం. మెకానిక్ కూడా కాదనడు. అడిగిన పార్టు వేస్తాడు, బిల్లు ఇస్తాడు. శబ్దం మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే పార్టు పేరు చెప్పకండి. ఆ తేడా ఎప్పుడు వస్తుందో చెప్పండి. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? గుంతలో దిగినప్పుడా, మలుపు తిరిగేటప్పుడా? బ్రేకు తొక్కితే వస్తుందా, వదిలితే వస్తుందా? ఈ 'ఎప్పుడు' తేలితే సగం రిపేరు అయిపోయినట్టే. ఈరోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

శబ్దం సంగతే చూద్దాం. స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కి దిగేటప్పుడు ముందు నుంచి టకటకమంటే ఎక్కువసార్లు అది లింక్ రాడ్డు, లేదా లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని బండికి కలిపే భాగాల్లో ఉండే చిన్న కడ్డీ, రబ్బరు ముక్క. షాకప్సర్ కన్నా చాలా తక్కువలో పోతుంది. షాకప్సర్ పాడైతే శబ్దం కన్నా ముందు ఊగుడు తెలుస్తుంది, దాని ఒంటి మీద ఆయిల్ కారిన మరక కనిపిస్తుంది, టైరు అక్కడక్కడ గుంటలు పడినట్టు అరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి బండిని మెల్లగా కదిలిస్తే టక్ టక్ టక్ అని వరసగా వస్తోందా? డ్రైవ్ షాఫ్ట్, అంటే ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ, దాని బయటి జాయింట్ చూపించండి. దాని మీద రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి ఉంటుంది. బూటు చిరిగిన కొత్తలోనే చూస్తే బూటుతో, గ్రీజుతో పోతుంది. వదిలేస్తే జాయింటే మార్చాలి.

ఇక వేగం పెరిగేకొద్దీ పెరిగే 'హూఁ' శబ్దం. ఇది చక్రం తిరిగే బేరింగా, టైరా అని చాలా గొడవ జరుగుతుంది. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి వెళ్లగానే శబ్దం మారిపోతే టైరు. రోడ్డు మారినా అలాగే ఉండి, బండి కుడికి తిరిగేటప్పుడు పెరిగితే ఎడమ బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు, ఎందుకంటే కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది.

వణుకు కూడా ఇంతే. 80, 90 వేగంలో మాత్రమే స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా లేదు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్క్. నిలబడి ఉన్నప్పుడు, ఏసీ వేస్తే బండంతా వణికితే ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయిస్తే వణుకు పోతుందని చాలామంది నమ్మకం. పోదు. బండి ఒక పక్కకు లాగడం, టైరు ఒకవైపే అరగడం, వీటికి అలైన్‌మెంట్. అయినా లాగుడు ఉందంటే ముందు నాలుగు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి, అది ఊరికే అయిపోయే పని.

ఇప్పుడు వేడి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. బండి వేడెక్కుతోంది అని వచ్చే ప్రతి ఒక్కరినీ నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ వేడెక్కింది? లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లి, రేణిగుంట రోడ్డు ఎక్కి కాస్త వేగం అందుకోగానే దిగిపోతే, రేడియేటర్ ఫ్యాన్‌ను చూడాలి. బండి కదులుతున్నప్పుడు గాలే ఫ్యాన్ పని చేస్తుంది, ఆగినప్పుడు ఆ గాలి ఉండదు. అదే బండిలో సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం తగ్గిపోయి, కదలగానే మళ్లీ వస్తోందంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. చాలా బండ్లలో రేడియేటర్‌కీ ఏసీకీ గాలి ఇచ్చేది ఆ ఫ్యానే. ఇలాంటి బండికి ఏసీ గ్యాస్ నింపి పంపిస్తారు, మళ్లీ నెలకే వస్తుంది.

దీనికి తిరగబడిన కేసు ఒకటుంది. ఊర్లో ఏ ఇబ్బందీ లేదు, పలమనేరు వెళ్తుంటే మొగిలి ఘాట్‌లో వేడెక్కింది. అప్పుడు ఫ్యాన్ జోలికి పోకండి. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు, వాటర్ పంపు బలహీనపడి ఉండొచ్చు, ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ లీకవుతూ ఉండొచ్చు. మన బోరు నీళ్లు ఎలాంటివో కాఫీ కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. కూలెంట్ బదులు ఆ నీళ్లే ఏళ్ల తరబడి పోసిన బండిలో రేడియేటర్ పూడుకోకుండా ఎలా ఉంటుంది? కొన్న వారంలోనే, ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి కూలెంట్ రంగు చూడండి. తుప్పు రంగులో ఉంటే ఆ నీళ్ల కథే. వేడి మీద మాత్రం ఆ మూత తీయొద్దు, లోపల ప్రెషర్‌లో మరిగే నీళ్లు ముఖాన కొడతాయి.

ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి తెల్లటి పదార్థం కనిపిస్తే కొంతమంది హడలిపోతారు. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ వల్ల కొద్దిగా అలా పడుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా తెల్లబడి, కూలెంట్ తగ్గిపోతూ, పొగలో తియ్యటి వాసన వస్తుంటే అప్పుడు టెన్షన్ పడండి.

పొగ మాట వచ్చింది కాబట్టి ఘాట్ రోడ్డు దగ్గరికి వద్దాం. మనకున్న అదృష్టం ఏంటంటే, తిరుమల కొండ పక్కనే ఉంది. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి. దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కి దిగుతారు. దర్శనానికి ఎలాగూ వెళ్తారు, ఆ దారిలోనే బండి తన సంగతి చెబుతుంది. అక్కడ వేగం, సమయం మీద నిబంధనలున్నాయి, వాటి ప్రకారమే వెళ్లండి. పరీక్ష పేరుతో అలిపిరి దాటాక రేసు పెట్టొద్దు. ఇప్పటికే ముల్లు పైకి వెళ్తున్న బండినీ, బ్రేకు మీద అనుమానం ఉన్న బండినీ అసలు కొండ ఎక్కించొద్దు, ముందు షెడ్డుకు తీసుకురండి.

ఎక్కేటప్పుడు చూడాల్సింది టెంపరేచర్ ముల్లు, క్లచ్. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం అంత వేగం అందుకోవడం లేదంటే క్లచ్ ప్లేటు జారుతోంది. చదును రోడ్డులో ఇది దాక్కుంటుంది, ఎత్తులో దాక్కోలేదు.

దిగేటప్పుడు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పెట్రోలు ఆదా అని న్యూట్రల్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నాకు వాళ్ల వెనక సీట్లో కూర్చోవాలంటే భయం. సగం దూరం వచ్చాక బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి దిగుతున్నట్టనిపిస్తే జాగా చూసి ఆపండి, చల్లారనివ్వండి. ఎక్కువసార్లు బ్రేక్ ఆయిల్ పాతబడి ఉంటుంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ చేరితే తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. సెకండ్ హ్యాండ్ బండిలో పాత ఓనరు మార్చాడని బిల్లు చూపిస్తే తప్ప నేను నమ్మను. కిందికి వచ్చాక నాలుగు చక్రాల దగ్గర, ముట్టుకోకుండా, అరచేయి దగ్గరగా పెట్టి వేడి పోల్చండి. ముందు రెండూ ఎక్కువ వేడిగా ఉండటం మామూలే. ముందు రెండింటిలో ఒకటే మండుతూ, కాలిన వాసన వేస్తుంటే ఆ పక్క క్యాలిపర్, అంటే బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం, పట్టేసింది.

ఇంకొకటి. పెట్రోలు బండి అయితే, చాలాసేపు యాక్సిలరేటర్ తొక్కకుండా గేరులో దిగి, మళ్లీ మొదటిసారి తొక్కినప్పుడు అద్దంలో వెనక్కి చూడండి. నీలం పొగ ఒక్కసారి బుస్సుమని వచ్చి ఆగిపోతే సిలిండర్‌లోకి ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లు అరిగాయి. దిగేటప్పుడు ఇంజన్ లోపలి వ్యాక్యూమ్ ఆ సీళ్ల సందుల్లోంచి ఆయిల్ లాక్కుంటుంది, తొక్కగానే అది కాలుతుంది. అలా కాకుండా ఎక్కేటప్పుడు కూడా నీలం పొగ వదలకుండా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి. ఈ రెండింటి ఖర్చుకీ చాలా తేడా ఉంది, కాబట్టి ఎప్పుడు వచ్చిందో గుర్తుపెట్టుకుని చెప్పండి. డీజిల్ బండికి నల్ల పొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. అక్కడ ఎలుక గూడు కట్టుకుని ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

తర్వాత నీళ్లు. ఎడమ పక్క కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా ఉందని వస్తారు. ఎప్పుడు తడుస్తోంది? ఏసీ వేసిన రోజుల్లో మామూలు నీళ్లయితే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుంది. జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్, లోపలికి వేడి గాలి ఇచ్చే హీటర్ కోర్ లీకు. వాన పడినప్పుడే తడిస్తే బానెట్ వెనక, వైపర్ల కింద ఉండే నీటి దారి చూడండి. మన చిత్తూరు వైపు మామిడి చెట్టు కింద బండి పెట్టడం అలవాటు. ఆకులు, పూత రాలి ఆ దారి మూసుకుపోతుంది, నీళ్లు లోపలికి దిగుతాయి.

ఇవేవీ కాకుండా కార్పెట్ కింద ఒండ్రు కనిపిస్తే సంగతి వేరు. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో చెన్నై మునిగింది. 2021 నవంబరులో మన తిరుపతి వీధుల్లోనే నీళ్లు పారాయి. మునిగిన బండ్లన్నీ తుక్కు కిందికి పోవు. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. అమ్మేవాళ్లు బయట కనిపించేదంతా కడుగుతారు, అది మాత్రం మర్చిపోతారు. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ కింది గుంతలో మట్టి కూడా చూడండి. ఇలాంటి బండిలో కరెంటు లోపాలు ఒక్కసారిగా రావు, కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టి ఒక్కొక్కటిగా బయటపడతాయి. దాన్ని బాగుచేయించే బదులు వదిలించుకోమనే చెబుతాను. కొనేవాడికి సంగతి చెప్పి వదిలించుకోండి.

కరెంటు గురించి కొంచెం. పొద్దున స్టార్ట్ కాకపోతే వెంటనే బ్యాటరీ కొనకండి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజన్ ఆన్ చేశాక చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తుంది. ఆన్‌లో ఉన్నా 12 దగ్గరే ఉంటే ఛార్జింగ్ లేదు, కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది. రెండూ బాగున్నా మూడు రోజులు ఆపితే దిగిపోతోందంటే, పాత ఓనరు పెట్టించిన ఆంప్లిఫైయర్లు, లైట్లు, టేపు చుట్టి కలిపిన వైర్లు వెతకండి.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ గురించి అడుగుతారు. ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించడం మంచిదే. కానీ పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ కోడ్ వచ్చిందంటే సెన్సార్ పోయిందని కాదు. సైలెన్సర్ పైపులో లీకున్నా, ఎలుక వైరు కొరికినా ఆ కోడ్ రావచ్చు. కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏది కొనాలో చెప్పదు. ఇంకో సంగతి, తాళం తిప్పగానే ఇంజన్ లైటు, ఎయిర్ బ్యాగ్ లైటు ఒకసారి వెలగాలి, తర్వాత ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే ఎవరో దాన్ని చంపేశారు. లైటు ఆరకుండా ఉండటం కన్నా అది పెద్ద అనుమానం.

ఖర్చు దేనికి ముందు? బ్రేకులు, టైర్లు ముందు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి బాగున్నా అంత పాత టైరుతో బెంగళూరు హైవే ఎక్కొద్దు. తర్వాత ఆయిళ్లు, కూలెంట్, ఫిల్టర్లు. ఆ తర్వాతే శబ్దాలు. ఇంజన్‌లో పోసే మందు సీసాలు, ఫ్లష్‌లు నా లెక్కలో దండగ, ఎవరైనా కోపగించుకున్నా సరే. ఇంజన్‌ను నీళ్లతో కడిగి మెరిపించడం కూడా ఇప్పుడే వద్దు. ఒక నెల ఆగండి, లీకు ఎక్కడుందో ఆ దుమ్ము మీదే మరక పడుతుంది.

కూర్చుని చెప్పే భాగం ఇంతే. బయట నీడలో బండ్లున్నాయి కదా, వాటిలో పొద్దుటి నుంచి స్టార్ట్ చేయని బండి ఎవరిదైనా ఉంటే తాళం ఇవ్వండి. చల్లటి ఇంజన్ మీద చూడాల్సినవి ముందు చూపిస్తాను. మిగతావాళ్లు బానెట్లు తీసి పెట్టండి, స్టార్ట్ మాత్రం చేయకండి.