వచ్చే నెల ఏ నవల?

అందరికీ నమస్కారం.

పది పన్నెండు మంది కలిసి నెలకో నవల చదువుకునే బృందాలు ఇప్పుడు మన ఊళ్ళలోనూ, మనవాళ్ళున్న దేశాల్లోనూ చాలానే ఉన్నాయి. వాటిలో సమకాలీన నవలని ఎలా ఎంచుకోవాలన్నదే ఇవాళ్టి విషయం. పాత నవలలతో ఈ ఇబ్బంది లేదు. యాభై ఏళ్ళ నుంచి నలుగురూ చదివి నిగ్గు తేల్చినవే మన చేతికొస్తాయి. నిన్నగాక మొన్న అచ్చయిన నవలకి ఆ వడపోత ఉండదు. ఆ పని మనమే చేసుకోవాలి, అదీ పుస్తకం పూర్తిగా చదవకముందే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. గొప్ప నవలలన్నీ గొప్ప చర్చనివ్వవు. చదివినవాళ్ళందరూ "అద్భుతం" అని తలూపే పుస్తకం మీద పావుగంట తర్వాత మాటలుండవు, టీలు తాగి ఇంటికెళ్ళిపోతారు. తెలివైనవాళ్ళు ఇద్దరు చదివి చెరో వైపు నిలబడే నవల కావాలి. కాబట్టి ప్రతిపాదించేవాళ్ళని "ఎందుకు బాగుంది?" అని అడక్కండి. "ఇందులో మనవాళ్ళు దేని దగ్గర విడిపోతారు?" అని అడగండి. దానికి జవాబు లేకపోతే ఆ పుస్తకం ఒంటరిగా చదువుకోడానికి మంచిది.

ఉదాహరణకి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' తీసుకుందాం. 2019లో అమెరికా తెలుగు సంఘం తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరువు కాలంలో గొర్రెల మందల్ని నల్లమల అడవికి తోలుకెళ్ళడమే కొండపొలం. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు తండ్రితో కలిసి ఆ మంద వెంట వెళ్తాడు. అడవి అతన్ని మార్చిన తీరు నమ్మేలా ఉందా, లేక రచయిత కోరుకున్న మార్పు అతని మీద పడిందా? ఈ ఒక్క ప్రశ్న మీద పన్నెండు మంది గంటసేపు వాదించుకోవచ్చు. దీంతో ఒక చిక్కు కూడా ఉంది. 2021లో ఇదే పేరుతో సినిమా వచ్చింది. సినిమా వచ్చిన నవల పెడితే సభ్యుల్లో కొందరు ఆదివారం రాత్రి సినిమా చూసి సోమవారం చర్చకొస్తారు. అలాంటి పుస్తకం ఎంచుకుంటే, సినిమాలో లేని ఘట్టాల మీదే ప్రశ్నలు తయారు చేసుకోండి.

సమకాలీనం అనడంలో మీ బృందానికి ఏది వర్తిస్తుందో ముందే రాసిపెట్టుకోవడం మంచిది. ఇటీవల రాసిన నవలా, ఇప్పటి జీవితం మీద రాసిన నవలా? బండి నారాయణస్వామి 'శప్తభూమి' 2017లో వచ్చింది, కథ మాత్రం పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమది. వసుధేంద్ర కన్నడ నవల 'తేజో తుంగభద్ర' 2019 నాటిది. అందులో పోర్చుగీసు లిస్బన్, విజయనగరం పక్కపక్కన నడుస్తాయి. రెండూ మన కాలపు రచనలే. కానీ "ఇప్పటి హైదరాబాదు, ఇప్పటి ఉద్యోగాలు, ఇప్పటి పెళ్ళిళ్ళు" ఆశించి వచ్చిన సభ్యుడికి మూడో పేజీకే మొహం మాడుతుంది. నా మట్టుకు నేను గత పదేళ్ళలో వచ్చిందేదైనా సరే అనే హద్దుకే ఓటేస్తాను, కథాకాలం ఎప్పటిదైనా.

ఇక పుస్తకాలు వెతికే చోటు. చాలామంది అవార్డుల జాబితా తెరుస్తారు. తెరవచ్చు, కానీ అది ఏం చెబుతుందో తెలిసి తెరవాలి. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు నవలకి మాత్రమే ఇచ్చేది కాదు. తెలుగులో 2022లో మధురాంతకం నరేంద్ర నవల 'మనోధర్మపరాగం'కి వచ్చింది. 2023లో తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి కథల సంపుటికి, 2024లో పెనుగొండ లక్ష్మీనారాయణ సాహిత్య విమర్శకి వచ్చింది. పైగా, అవార్డు ఏడాదికి ముందరి ఏడాదిని వదిలేసి, దానికి వెనకున్న అయిదేళ్ళలో తొలిసారి అచ్చయిన పుస్తకాలనే పరిశీలిస్తారు. 'శప్తభూమి'కి 2019లో వచ్చింది. అంటే ఈ జాబితాలో దొరికేది ఎప్పుడూ కాస్త పాతదే. కొత్తది కావాలంటే ఇది సరైన గుమ్మం కాదు.

అంతర్జాతీయ బుకర్ కూడా నవలకి మాత్రమే ఇచ్చేది కాదు. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ 'హార్ట్ ల్యాంప్'కి వచ్చింది, దీపా భాస్తి అనువాదం. అవి పన్నెండు కథలు, నవల కాదు. కథల సంపుటికి చర్చ పద్ధతే వేరు. ముందే మూడు కథలు ఎంచుకుని వాటి మీద నిలబడకపోతే మాట చెదిరిపోతుంది.

కొత్త తెలుగు నవలలు ఎక్కువగా పోటీల దారిలో వస్తున్నాయి, వారపత్రికల సీరియల్ దారి సన్నబడిపోయింది కనుక. బహుమతి వచ్చిందంటే కొందరు న్యాయనిర్ణేతలకి నచ్చిందని అర్థం, అది చిన్న విషయమేమీ కాదు. అయితే గడువుకి అందించిన నవలల్లో చివరి యాభై పేజీలు పరిగెత్తడం తరచుగా కనిపిస్తుంది. అందుకే పూర్తిగా చదివిన మనిషి ఒక్కరైనా బృందంలో ఉండాలంటాను. ఎవరూ చదవని పుస్తకాన్ని ఫేస్‌బుక్ పోస్టుల మీద నమ్మకంతో పెట్టకండి. ఆవిష్కరణ సభ జరిగిన వారం వచ్చే సమీక్షల్లో సగం స్నేహధర్మం. మూడు నెలలాగి, రచయితతో పరిచయం లేనివాళ్ళు ఏమన్నారో చూడండి.

ముందుమాటల సంగతి విడిగా చెప్పాలి. మన నవలలకి ఇద్దరు ముగ్గురు పెద్దలు ముందుమాటలు రాస్తారు, వాటిలో ఒకరైనా కథంతా చెప్పేస్తారు, ముగింపుతో సహా. బృందానికి నియమం పెట్టండి: ముందుమాటలు చివర్లో చదవాలి. పేజీలు లెక్కపెట్టేటప్పుడు కూడా వాటిని తీసేసి లెక్కించాలి. 240 పేజీల పుస్తకంలో నవల 215 పేజీలే ఉండొచ్చు.

పేజీల లెక్క గురించి కాస్త వివరంగా. నెల గడువుకి 250 పేజీలు హాయిగా సరిపోతాయి, రోజుకి పది పేజీల చొప్పున ఇరవై అయిదు రోజులు. 350 దాటితే ఆరు వారాలివ్వండి. 450 దాటితే రెండు సమావేశాలకి విడగొట్టండి, ఎక్కడ ఆగాలో అధ్యాయం పేరుతో సహా ముందే చెప్పండి. ఈ అంకె భాషని బట్టీ, అచ్చుని బట్టీ మారిపోతుంది. గీతాంజలి శ్రీ 'రేత్ సమాధి' హిందీలో దాదాపు 375 పేజీలు. డైజీ రాక్‌వెల్ ఇంగ్లీషు అనువాదం 'టూమ్ ఆఫ్ శాండ్' బ్రిటన్ ముద్రణలో 700 దాటింది. నవల అదే. కాబట్టి ఎవరో చెప్పిన పేజీల సంఖ్య కాకుండా, మీరు కొనబోయే ముద్రణలో సంఖ్య చూడండి. ఇంకా నమ్మకమైన కొలత కావాలంటే, మొదటి పది పేజీలు గడియారం పెట్టుకుని చదవమనండి. బృందంలో అందరికంటే నెమ్మదిగా చదివేవారి వేగాన్ని బట్టి గడువు పెట్టాలి. వేగంగా చదివేవాళ్ళు ఎలాగూ రెండుసార్లు చదువుకుంటారు.

మాండలికం దగ్గర చాలా ఎంపికలు బోల్తాపడతాయి. కడప పల్లె మాటతో సాగే నవలని కాకినాడవాళ్ళు, కరీంనగర్ మాటతో సాగేదాన్ని నెల్లూరువాళ్ళు మొదటి ముప్ఫై పేజీల్లో వదిలేసే ప్రమాదం ఉంది. దానికి భయపడి అలాంటి నవలల్ని పక్కన పెట్టేస్తే ఇవాళ్టి తెలుగు నవలలో మంచి భాగం పోతుంది. మందు తేలిక. పుస్తకం ప్రకటించిన వారంలోపు, ఆ ప్రాంతపు యాస తెలిసిన సభ్యురాలు ఎవరైనా మొదటి అధ్యాయం పైకి చదవాలి, అరగంట చాలు. చెవికి ఎక్కిన మాట కంటికి అడ్డు రాదు. ఆ యాస తెలిసినవాళ్ళు బృందంలో ఒక్కరూ లేకపోతే మాత్రం ఆ నవలని ఇంకో నెలకి వాయిదా వేసి, చదివి వినిపించే అతిథిని వెతుక్కోండి.

విదేశాల్లోని బృందాల్లో ఇంకో ఇబ్బంది. సగంమందికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. వాళ్ళకి రెండు భాషల్లోనూ దొరికే నవలే దిక్కు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు'ని వసంత కన్నబిరాన్ 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్' పేరుతో ఇంగ్లీషు చేశారు. కొల్లేరు సరస్సు, దాని చుట్టూ ఊళ్ళు, ఆ నీళ్ళతో పెరిగిన బాల్యం, తర్వాత ఆ సరస్సుకి పట్టిన గతి. 'తేజో తుంగభద్ర'కి రంగనాథ రామచంద్రరావు తెలుగు అనువాదం ఉంది, మైత్రేయి కర్నూర్ ఇంగ్లీషు అనువాదమూ ఉంది. రెండు భాషల్లో చదివేటప్పుడు పేజీ నంబర్లు కలవవు, అధ్యాయం నంబరుతోనే మాట్లాడుకోవాలి. సంభాషణలు గుర్తుచేసుకునేటప్పుడు తెలుగు వాక్యం పైకి చదవండి, ఇంగ్లీషువాళ్ళు తమ పుస్తకంలో ఏముందో చెప్పాలి. అనువాదకులు ఏది వదిలారో, ఏది కలిపారో అక్కడ బయటపడుతుంది, ఆ చర్చకి ఆ పది నిమిషాలే ప్రాణం.

పుస్తకం దొరుకుతుందా అన్నది ఓటుకి ముందు తేలాలి, తర్వాత కాదు. తెలుగు నవల ఒక ముద్రణకి అయిదొందలో వెయ్యో ప్రతులు వేయడం మామూలు. అవి అయిపోతే మలిముద్రణ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. అందుకే జాబితాలోకి పుస్తకం ఎక్కేముందే ప్రచురణకర్తకో, రచయితకో ఫోన్ చేసి "పన్నెండు ప్రతులు ఇప్పుడు ఉన్నాయా?" అని అడగాలి. ఉంటే అందరికీ కలిపి ఒకే ఆర్డరు పెట్టండి, తగ్గింపు అడగండి, రవాణా ఖర్చు కూడా పంచుకుంటే తగ్గుతుంది. ఈ-బుక్ దొరికేస్తుందిలే అనుకోవద్దు. 2016లో కిండిల్ భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో వస్తాయి కనుక, నవంబరులోనే రాబోయే ఆర్నెల్లకి జాబితా వేసుకుంటే ఆ రెండింట్లో చాలావరకు ఒకేసారి కొనేయొచ్చు. అమెరికా నుంచి వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ సూట్‌కేసుల్లో పది ప్రతులు పట్టించే ఏర్పాటు కూడా అప్పుడే చేసుకోవాలి.

ఓటింగు. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పన్నెండు మంది, నాలుగు పుస్తకాలు, మనిషికో ఓటు అనుకోండి. 4, 3, 3, 2 వచ్చాయి. నాలుగు ఓట్లది గెలిచింది, కానీ దాన్ని కోరుకోనివాళ్ళు ఎనిమిది మంది. నెల తర్వాత ఆ ఎనిమిదిలో సగం మంది ఏదో పని తగిలిందంటారు. దీనికి బదులు ప్రతి పుస్తకం ఎదుటా రెండు గళ్ళు పెట్టండి: "చదువుతాను", "చదవలేను". ఎన్నింటికైనా టిక్కు పెట్టొచ్చు, తెలియకపోతే వదిలేయొచ్చు. ముగ్గురు "చదవలేను" అన్న పుస్తకం ఆ నెలకి తప్పుకుంటుంది. మిగిలినవాటిలో "చదువుతాను" ఎక్కువ వచ్చింది తీసుకోవాలి. మొదటి పద్ధతిలో మూడు ఓట్లతో ఓడిన పుస్తకం ఈ పద్ధతిలో తొమ్మిదితో గెలవడం వింతేమీ కాదు. "చదవలేను"కి కారణం చెప్పమని నిలదీయకండి. ఇంట్లో ఈమధ్యే చావు జరిగినవారు చావు మీద నవల వద్దనుకోవచ్చు, అది అందరి ముందూ చెప్పాల్సిన పని లేదు. వాట్సాప్ పోల్ వాడకండి, మామూలుగా అందులో ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది. గ్రూపులో పెద్దాయన దేనికి వేస్తే దానికే మిగతా ఓట్లూ పడతాయి. గూగుల్ ఫారం గానీ, కాగితపు చీటీలు గానీ మేలు.

ఓటుకి ముందు జాబితాలోని పుస్తకాల మొదటి ఇరవై పేజీలు అందరూ చదివో, వినో ఉండాలి. దాని కోసం కాపీలు తీసి గ్రూపులో పెట్టొద్దు. ఒకరి దగ్గరున్న ప్రతిని సమావేశంలో పైకి చదివితే చాలు. అట్ట వెనక మాటలు విని వేసిన ఓటుకీ, ఇరవై పేజీలు విని వేసిన ఓటుకీ ఫలితం తరచుగా మారుతుంది.

పుస్తకం ప్రతిపాదించినవారే చర్చ నడపకూడదు. వాళ్ళు వకీలు అయిపోతారు, ఎవరు లోపం ఎత్తినా సమాధానం చెబుతారు. రచయిత అదే ఊళ్ళో ఉంటే పిలవాలన్న ఉబలాటం సహజమే. పిలవండి, కానీ రెండు గంటల సమావేశంలో చివరి అరగంటకి. మొదటి గంటన్నర పుస్తకం మన చేతుల్లో ఉండాలి. రచయిత ఎదురుగా కూర్చుంటే మనవాళ్ళ మర్యాద అడ్డొచ్చి, ఆ రోజు అభినందన సభగా మారిపోతుంది. వచ్చినాయన్ని "ఇది ఎందుకు రాశారు?" అనే బదులు, వాదన తెగని ఆ ఒక్క చోటు చూపించి అడగండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి ఎంపిక తప్పుతుంది. సమావేశానికి పదిహేను రోజుల ముందు ఒక మాట అడగండి: ఎవరు ఎన్నో పేజీలో ఉన్నారు? సగం మంది యాభై దాటకపోతే గడువు పొడిగించకండి. పొడిగించిన పుస్తకం ఇంకా బరువెక్కుతుంది. చదివినంత మీదే కలవండి, ఎక్కడ ఆగారో, ఎందుకాగారో అదే చర్చాంశం. నిడివా, యాసా, నచ్చని పాత్రా, పట్టులేని కథనమా అన్నది రాసుకుంటే తర్వాతి జాబితాకి పనికొస్తుంది. రెండో స్థానంలో నిలిచిన నవల తర్వాతి నెల ఓటింగుకి దానంతటదే వెళ్ళాలి. వరసగా మూడుసార్లు రెండోదిగానే మిగిలితే, నాలుగో నెల ఓటు లేకుండా దాన్నే చదవండి.

ఇక మీ జాబితాలు తీయండి, ఒక్కో పుస్తకం గురించి మాట్లాడదాం.