ఐస్ హాకీలో భుజం గాయం: ఏసీ కీలు దెబ్బతింటే ఏం చేయాలి?

నమస్కారం. ఐస్ హాకీలో ప్రత్యర్థి ఢీకొట్టిన వేగానికి ఆటగాడి భుజం రింక్ (మంచు మైదానం) చుట్టూ ఉండే బోర్డులకు, అంటే అడ్డుగోడలకు, బలంగా తగిలినప్పుడు, తరచుగా దెబ్బతినేది ఏసీ (అక్రోమియోక్లావిక్యులర్) కీలు. కాలర్ బోన్ చివర రెక్క ఎముకతో కలిసేది ఇక్కడే, భుజం పైభాగంలో ఇప్పుడు నా వేలు ఉన్నచోట. ఇక్కడ నొక్కితే నొప్పి పుట్టినా, చేతిని ఛాతీ మీదుగా అవతలి భుజం వైపు తెచ్చినప్పుడు ఇదే చోట నొప్పి పెరిగినా, ఈ కీలును అనుమానించాలి.

ఎముక పైకి పొడుచుకు వచ్చినట్టు కనిపించినా, దయచేసి దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి. జెర్సీని ముందు బాగున్న చేతి నుంచి తీసి, గాయపడిన చేతిని స్లింగ్‌లో (మెడకు వేలాడే పట్టీలో) ఉంచి, గుడ్డలో చుట్టిన ఐస్‌ను 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. వేళ్లు తిమ్మిరెక్కినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడ నొప్పి ఉంటే మాత్రం ఆటగాణ్ణి కదిలించకుండా అంబులెన్స్‌ను పిలవాలి.

ఎక్స్‌రే తీశాక వైద్యులు ఈ గాయాన్ని, ఏసీ కీలు గాయాలను విభజించే రాక్‌వుడ్ వర్గీకరణలోని 6 రకాల్లో ఒకటిగా గుర్తిస్తారు. మొదటి రెండు రకాలు ఆపరేషన్ లేకుండానే నయమవుతాయి, చివరి మూడింటికి సాధారణంగా ఆపరేషన్ చేస్తారు. మూడో రకం విషయంలో వైద్యుల మధ్య భిన్నాభిప్రాయాలున్నా, చాలామందికి ముందు వ్యాయామ చికిత్సే ఇచ్చి చూస్తారు. భుజం మీద ఎత్తు మిగిలిపోతుందని తల్లిదండ్రులు కంగారుపడటం సహజమే కానీ, చెయ్యి బలంగా, నొప్పి లేకుండా పనిచేస్తున్నప్పుడు ఆ ఎత్తు ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు.

అసలు ఓపిక కావలసింది ఆ తర్వాతే. నొప్పి అదుపులోకి రాగానే ముందుకు వంగి చేతిని వేలాడదీసి మెల్లగా ఊపడం, ఆపైన రెక్క ఎముకలను వెనక్కి దగ్గరకు తెచ్చే వ్యాయామాలు, చివరగా పుష్‌అప్‌లు ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలో మొదలుపెట్టాలి. స్టిక్ పట్టుకునే దశలో, గాయపడిన చెయ్యి పైన ఉంటుందా, కింద ఉంటుందా అన్నది తప్పక చూడండి. స్లాప్ షాట్ (స్టిక్‌ను వెనక్కి ఎత్తి బలంగా కొట్టే షాట్) కొట్టేటప్పుడు స్టిక్ బ్లేడు పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) కంటే ముందు మంచుకు తగులుతుంది కాబట్టి, కింది చేతి భుజం మీద ఎక్కువ భారం పడుతుంది. అందుకే పాస్‌లతో మొదలుపెట్టి, తర్వాత మణికట్టు విసురుతో కొట్టే రిస్ట్ షాట్‌లకు, చివరికి స్లాప్ షాట్‌లకు వెళ్లాలి.

నొప్పి తగ్గిందన్న ఒక్క కారణంతో మ్యాచ్‌కు పంపడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. చెయ్యి అన్ని వైపులకూ పూర్తిగా కదలాలి, రెండు భుజాల బలం దాదాపు సమానం కావాలి, ప్రాక్టీసులో బోర్డుల దగ్గర ఢీకొన్నప్పుడు కూడా ఆటగాడు భుజాన్ని వెనక్కి లాక్కోకుండా నిలబడగలగాలి.